రజో, వాన, ఆగిన పైపులైను: మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో టీం పనిని మళ్ళీ షెడ్యూల్ చేయడం ఎలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి), జూన్ 24, 2025

అందరికీ నమస్కారం. నిన్నటి నుంచి ఒకే ఫైలుతో కుస్తీ పడుతున్నాను. తెలిసినవాళ్ళు దారి చెప్పండి.

కాశీనగర్ వైపు మూడు ఊళ్ళకి తాగునీటి పని. బోరు నుంచి ట్యాంకు దాకా పైపు, ట్యాంకు కట్టడం, వీధి పైపులు, ఇంటింటికీ కుళాయి. షెడ్యూల్ చూసేది నేనే. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో మొత్తం 64 పనులు. పైపు ముఠాలు రెండు, ఒక్కోదాంట్లో ఎనిమిదేసి మంది. ఒక ముఠా పాతపట్నం వైపు నుంచి వస్తుంది, రెండోది గుణుపురం వైపు ఒడియా కుర్రాళ్ళు. జేసీబీ ఒక్కటే. ప్లంబర్లు ఇద్దరు. ట్యాంకు దగ్గర సెంట్రింగ్ మేస్త్రి, ఆయన మనుషులు.

జూన్ 14న రజో మొదలైంది, ఒడిశాలో మూడు రోజుల భూదేవి పండగ. ఒడియా ముఠా ఇళ్ళకి వెళ్ళింది, అది ముందే అనుకున్నదే. అది ముగిసీ ముగియగానే వాన పట్టుకుంది. తవ్విన కాలవలన్నీ నీళ్ళతో నిండిపోయాయి. అప్పటి నుంచి పైపు పని నిలిచిపోయింది. 30వ తేదీ సోమవారం మొదలుపెడదామని అందరం అనుకున్నాం.

ఇప్పుడు షెడ్యూల్ జరపాలి. మొదట స్టార్ట్ కాలమ్‌లో కొత్త తేదీలు టైపు చేశాను. కొన్ని జరిగాయి, కొన్ని కదల్లేదు. తర్వాత రిసోర్స్ ట్యాబ్‌లో లెవెల్ ఆల్ నొక్కాను, ఒకరి మీద ఒకేసారి పని ఎక్కువైతే పనుల్ని వెనక్కి జరిపి సర్దే బటన్ అది. పని పూర్తయ్యే తేదీ డిసెంబరు 19కి పోయింది. ఒప్పందం సెప్టెంబరు 30. పైవాళ్ళకి ఈ ఫైలు చూపించలేను. అలాగని తేదీలు దిద్ది అబద్ధపు ఫైలు ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

---

వంశధార గట్టు (కాశీనగర్)

అన్నా, టీం ప్లానర్ వ్యూ తెరిచి చూశారా? ఒక్కో మనిషికి ఒక్కో వరస ఉంటుంది, ఎవరి మీద పని ఎక్కువైందో ఎర్రగా కనిపిస్తుంది. ఎర్రగా ఉన్న పనిని మౌస్‌తో పట్టుకుని ఖాళీ ఉన్నచోటికి లాగేయడమే. పైకీ కిందకీ లాగితే మనిషి మారతాడు, పక్కకి లాగితే తేదీ మారుతుంది. నేను అలాగే చేస్తాను, అరగంటలో అయిపోతుంది. ప్రొఫెషనల్ వెర్షన్‌లోనే ఉంటుందది, స్టాండర్డ్‌లో రాదు.

---

జయపురం ప్లానర్

లాగే ముందు మూడు ప్రశ్నలు.

బేస్‌లైన్, అంటే మొదట అనుకున్న తేదీల కాపీ, పెట్టారా? జరిగిన పని ఎంతో ఫైలులో చివరిసారి ఎప్పుడు ఎక్కించారు? పని పేరుకి ఎడమ పక్క గుర్తుల కాలమ్‌లో నీలి చుక్కతో చిన్న క్యాలెండర్ బొమ్మ ఎన్ని పనులకి ఉంది?

---

మహేంద్రతనయ

బేస్‌లైన్ మే నెలలోనే పెట్టాను. జరిగిన పని జూన్ 10 తర్వాత ఎక్కించలేదు. క్యాలెండర్ బొమ్మలు లెక్కపెట్టాను, 64లో 41 ఉన్నాయి.

---

జయపురం ప్లానర్

జబ్బు ఆ 41లోనే ఉంది.

ఆటో షెడ్యూల్‌లో ఉన్న పనికి స్టార్ట్ తేదీ మన చేత్తో టైపు చేస్తే, "ఈ తేదీకి ముందు మొదలుపెట్టకు" అన్న షరతు దానికి అంటుకుంటుంది. స్టార్ట్ నో ఎర్లియర్ దేన్ అని పేరు. ఫినిష్ తేదీ టైపు చేసినా ఇలాంటిదే ఇంకోటి పడుతుంది. మీరు తేదీ రాశానని అనుకున్నారు, సాఫ్ట్‌వేర్ దాన్ని ఆజ్ఞగా తీసుకుంది. ముందు పని వెనక్కి జరిగితే ఇవీ జరుగుతాయి. కానీ ముందు పని తొందరగా అయిపోయినా ఇవి ముందుకి రావు, మేకు కొట్టినట్టు అక్కడే ఉంటాయి. వంశధార గారు చెప్పినట్టు టీం ప్లానర్‌లో పక్కకి లాగినా పడేది ఈ షరతే. అందుకే ముందు లాగకండి అన్నాను.

అసలు కదలని పనులు ఇంకో రకం. టాస్క్ మోడ్ కాలమ్ చూడండి, గుండుసూది బొమ్మ ఉంటే అది మాన్యువల్ షెడ్యూల్. 2010 వెర్షన్ నుంచి కొత్తగా రాసే పని మాన్యువల్‌గానే పుడుతుంది, మనమే ఆటోకి మార్చుకోవాలి.

ఈ వరసలో చేయండి. ఫైలుకి ఒక కాపీ తీసి పెట్టుకోండి. రిసోర్స్ ట్యాబ్‌లో క్లియర్ లెవెలింగ్ నొక్కండి, నిన్న వచ్చిన డిసెంబరు పోతుంది. సూది బొమ్మ ఉన్నవాటిని ఆటోకి మార్చండి. కన్‌స్ట్రెయింట్ టైప్ కాలమ్ పెట్టుకుని 41నీ ఒక్కొక్కటిగా చూడండి. నిజంగా ఆ తేదీకి ముందు మొదలుపెట్టలేని పని, అంటే పైపుల లారీ వచ్చే రోజు లాంటిది ఉంటే ఉంచండి. మిగతావాటిని యాజ్ సూన్ యాజ్ పాజిబుల్‌కి మార్చండి. ఆ మార్పుతో ఏదైనా పని ప్రాజెక్టు మొదటి తేదీకి ఎగిరిపోతే, దానికి ముందు పనితో లింకు లేదన్నమాట. లింకు కలపండి. ఇది విసుగు పని. అయినా ఇది చేయకుండా మీరు జరిపే ప్రతి తేదీ వచ్చే వానకి మళ్ళీ జరపాలి.

---

గుణుపురం సైటు ఇంజనీరు

జయపురం గారు చెప్పింది పూర్తిగా ఒప్పుకుంటాను, ఒక్కటి కలుపుతాను. జరిగిన పని ఎక్కించకుండా రీషెడ్యూల్ నొక్కకండి మహేంద్రతనయ గారూ. మొదటి ఊరి మెయిన్ పైపు ఎన్ని మీటర్లు, ఎంత వేశారు?

---

మహేంద్రతనయ

2,000 మీటర్లు మేడమ్. వాన ముందు వరకు 1,200 అయింది. 20 రోజుల పనిగా రాశాను.

---

గుణుపురం సైటు ఇంజనీరు

అంటే 60 శాతం. మిగిలింది 8 రోజులు. ఇప్పుడు మీ ఫైలులో ఎంత అయినట్టుంది? జూన్ 10 నాటి అంకె ఉంటే సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఇంకా ఎక్కువ పని మిగిలి ఉన్నట్టే, అదంతా వెనక్కి నెడుతుంది. ముఠా చేసిన కష్టం లెక్కలోకి రాదు. నేను మీటర్లు టేపు పెట్టి కొలిచాకే శాతం వేస్తాను, ఫోనులో అడిగి వేయను.

అంకెలు ఎక్కించాక ప్రాజెక్ట్ ట్యాబ్‌లో అప్‌డేట్ ప్రాజెక్ట్ తెరవండి. అందులో రెండో గుండ్రం, రీషెడ్యూల్ అన్‌కంప్లీటెడ్ వర్క్ టు స్టార్ట్ ఆఫ్టర్. తేదీ జూన్ 29 ఇవ్వండి. అయిన 60 శాతం ఎక్కడ జరిగిందో అక్కడే ఉంటుంది, మిగిలిన 40 సోమవారం నుంచి మొదలవుతుంది, మధ్యలో చుక్కల గీత వస్తుంది. అలా చీలకపోతే ఆప్షన్స్‌లో షెడ్యూల్ కింద స్ప్లిట్ ఇన్-ప్రోగ్రెస్ టాస్క్స్ టిక్ తీసేసి ఉన్నట్టు, పెట్టండి. ఇంకా మొదలే కాని పనులకి మాత్రం ఇది కూడా స్టార్ట్ నో ఎర్లియర్ దేన్ షరతు తగిలిస్తుంది. మళ్ళీ క్యాలెండర్ బొమ్మలు వచ్చాయని కంగారు పడకండి, ఇవి తెలిసి పెట్టినవి.

---

పాతపట్నం మేస్త్రి కొడుకు

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాను గానీ మా నాన్న ముప్పై ఏళ్ళు మీవాళ్ళలాంటి ముఠాకే మేస్త్రి. మీ మాటల్లో ఒకటి నాకు నచ్చలేదు. రజోకి ఒడియా ముఠా వెళ్ళిందన్నారు, మరి మా వైపు ముఠా ఆ మూడు రోజులు ఏటి చేసింది?

---

మహేంద్రతనయ

ఖాళీగా కూర్చుంది. నా షెడ్యూల్‌లో వాళ్ళకి తవ్వకం పని ఉంది. ఊళ్ళో పెద్దవాళ్ళు తవ్వనివ్వలేదు. ఆ మూడు రోజులూ కూలి ఇచ్చి కూర్చోబెట్టాం.

---

పాతపట్నం మేస్త్రి కొడుకు

అదే నేను చెప్పాలనుకున్నది. రజోలో భూమి తల్లికి విశ్రాంతి బాబూ. ఆ మూడు రోజులు నాగలి కట్టరు, గునపం దించరు. నాలుగో రోజు వసుమతి స్నానం అయ్యాకే నేల ముట్టడం. అది ఆ ముఠా సెలవు ఒక్కటే కాదు, నేలకి సెలవు. మా నాన్న ఒడిశా పని ఒప్పుకుంటే ఆ రోజుల్లో పైపులు జతచేయడం, ట్యాంకు దగ్గర కమ్మీలు వంచడం, ఇలాంటివి దాచి పెట్టుకునేవాడు. మీ కంప్యూటర్‌లో మనిషి సెలవు వేరు, పని సెలవు వేరు అని రాసుకోవడానికి ఉందా?

---

జయపురం ప్లానర్

ఉంది. ఇన్నేళ్ళుగా ప్లానింగ్ చేస్తున్నా నేను ఇలా విడదీసి ఆలోచించలేదు, మీకు కృతజ్ఞతలు.

మనిషి సెలవు రిసోర్స్ క్యాలెండర్‌లో రాయాలి. సంక్రాంతికి భోగి నుంచి కనుమ దాకా పాతపట్నం ముఠా రాదు, అది వాళ్ళ క్యాలెండర్. పని సెలవు టాస్క్ క్యాలెండర్‌లో. ఛేంజ్ వర్కింగ్ టైమ్ తెరిచి, స్టాండర్డ్ క్యాలెండర్‌కి కాపీ తీసి "తవ్వకం" అని పేరు పెట్టండి. దాని ఎక్సెప్షన్స్‌లో రజో మూడు రోజులు రాయండి. కాలవ తవ్వే పనులన్నిటికీ టాస్క్ ఇన్ఫర్మేషన్‌లో అడ్వాన్స్‌డ్ కింద ఆ క్యాలెండర్ తగిలించండి. రెండూ ఉన్నప్పుడు మనిషికీ పనికీ ఇద్దరికీ వీలైన గంటల్లోనే పని పడుతుంది. పక్కనే రిసోర్స్ క్యాలెండర్లని పట్టించుకోవద్దు అనే టిక్ ఒకటుంది, దాన్ని పెట్టకండి.

ఈ ఏడు రజో అయిపోయినా వచ్చే ఏడు పనికి ఈ క్యాలెండర్ పనికొస్తుంది. ప్రాజెక్టు అంతటికీ ఆగే రోజులు, బాహుడా (జగన్నాథుడి తిరుగు రథయాత్ర) లాంటివి, ప్రాజెక్ట్ క్యాలెండర్‌లోనే రాయండి. జూలై 5 శనివారం బాహుడా, మర్చిపోకండి.

---

బల్లార్షా తెలుగోడు

ఇది చదువుతుంటే మా చంద్రపూర్ సైటు గుర్తొచ్చింది. మాకు పోలా. శ్రావణ అమావాస్యకి ఎద్దుల పండగ, మరునాడు పిల్లల తాన్హా పోలా. మా మేనేజరు వేరే ఊరివాడు, ఆగస్టు 15 రాశాడు గానీ పోలా రాయలేదు. కాంక్రీటు లారీ వచ్చి నిలబడింది, దించడానికి మనిషి లేడు. అప్పటి నుంచి కొత్త ఊరు వెళ్తే ముందు టీ కొట్టు దగ్గర పండగలు అడిగి రాసుకుంటాను.

---

పాతపట్నం మేస్త్రి కొడుకు

ఇంకోటి. జూలైలో మా వైపు ఉభాలు మొదలు. వరి నాటు. ఎనిమిది మంది ముఠాలో సగం మంది సొంత మడికి వెళ్ళిపోతారు, కూలి ఎంత ఎక్కువ ఇస్తానన్నా ఆగరు. ముఠా మొత్తం ఆగస్టు దాకా ఉంటుందని రాసుకుంటే మళ్ళీ డిసెంబరే వస్తుంది మీకు.

---

గుణుపురం సైటు ఇంజనీరు

నిజం. దానికి రిసోర్స్ ఇన్ఫర్మేషన్‌లో చిన్న పట్టిక ఉంది, చాలామంది తెరవరు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎంతమంది అని వరసలుగా రాయచ్చు. ముఠాని ఒక్క రిసోర్స్‌గా పెట్టి ఎనిమిది మందికి 800 శాతం అనండి. ఉభాల రోజులకి 400, తర్వాత మళ్ళీ 800. లెవెలింగ్ ఆ అంకెని చూసే పనులు జరుపుతుంది. పనికి కేటాయించిన మనుషుల్ని కూడా ఆ రోజుల్లో నాలుగుకి దించండి. ఎనిమిది మంది కావాలన్న పని నలుగురున్న రోజుల్లో పట్టదు, ఉభాలు అయ్యేదాకా ఆగిపోతుంది.

తేదీలు మాత్రం మీరే ఊహించి రాయకండి. మేస్త్రిని అడగండి.

---

నాగావళి షట్‌డౌన్ (రాయగడ)

నేను మిల్లుల షట్‌డౌన్ పనులు ప్రిమావెరా అనే ఇంకో షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్‌లో చూస్తాను. మా దగ్గర ఇదంతా గంటల్లో నడుస్తుంది. డేటా డేట్ (పని ఎంతవరకు అయిందో లెక్క వేసిన తేదీ) జరిపి ఎఫ్9 నొక్కితే మిగిలిన పనంతా ఆ గీతకి కుడి పక్కకి వస్తుంది. అప్పుడు రిటెయిన్డ్ లాజిక్ కావాలా, ప్రోగ్రెస్ ఓవర్‌రైడ్ కావాలా అని ముందే ఎంచుకుని ఉండాలి. మొదటిదైతే వరస తప్పి మొదలైన పని, తన ముందు పని అయ్యేదాకా ఆగుతుంది. రెండోదైతే ఆగదు. ఏది సరైనదో సైటు చెప్పాలి.

మీ లెవెలింగ్ గురించి అడుగుతాను. జేసీబీ ఒక్కటే అన్నారు. దాన్ని పనులకి ఎంత శాతం కేటాయించారు?

---

మహేంద్రతనయ

అన్నిటికీ 100.

---

నాగావళి షట్‌డౌన్

డిసెంబరు అక్కడ పుట్టింది. రెండో ఊళ్ళో నాలుగు రోజుల కాలవ పని ఉందనుకోండి. జేసీబీ తవ్వేది పొద్దున్న పూట, మధ్యాహ్నం ముఠా పైపు దించుతుంది. నిజానికి బండి సగమే వాడారు. మీరు 100 రాస్తే ఆ నాలుగు రోజులూ మూడో ఊరికి బండి లేనట్టే లెక్క. సాఫ్ట్‌వేర్ ఒకదాని వెనక ఒకటి పేర్చుకుంటూ పోయింది, అది చేయాల్సిందే చేసింది. 50 రాయండి. పొద్దున్న ఒక ఊరు, మధ్యాహ్నం ఒక ఊరు. ఊళ్ళ మధ్య దూరం ఎక్కువైతే బండి నడిచే సమయం కూడా చూసుకోండి.

పని అంటే రోజుల్ని మనుషులతో గుణించడమే, ఈ సాఫ్ట్‌వేర్ గుండెకాయ ఆ ఒక్క సూత్రం. మూడింట్లో రెండు మీరు చెప్తే మూడోది అది లెక్క కడుతుంది.

లెవెల్ ఆల్ బదులు లెవెల్ రిసోర్స్ నొక్కి జేసీబీ ఒక్కదాన్ని ముందు సర్దండి. ఏ ఊరు ముందు కావాలో ప్రయారిటీ అంకెతో చెప్పచ్చు. 0 నుంచి 1000, ఏమీ రాయకపోతే 500. 1000 ఇస్తే ఆ పనిని లెవెలింగ్ ముట్టదు. లెవెలింగ్ ఆప్షన్స్‌లో వరస కూడా ప్రయారిటీ, స్టాండర్డ్‌కి మార్చండి.

---

మహేంద్రతనయ, జూన్ 26

అందరి మాటా వరసగా చేశాను. 41లో ఉంచుకోవాల్సినవి ఐదే తేలాయి. పదకొండు పనులకి లింకులే లేవు. ముగింపు అక్టోబరు 14కి వచ్చింది.

రెండు అనుమానాలు మిగిలాయి. సైటు వేళలు పొద్దున్న 7 నుంచి 11, మళ్ళీ 2 నుంచి 5 అని క్యాలెండర్‌లో మార్చాను. అప్పటి నుంచి 5 రోజుల పనులన్నీ ఆరో రోజు మధ్యాహ్నం దాకా వెళ్తున్నాయి. ఇంకోటి, శ్లాబు తర్వాత నీళ్ళు పెట్టే 7 రోజులకి ఆదివారాలు దాటేసి తొమ్మిది పది రోజులు చూపిస్తోంది.

---

జయపురం ప్లానర్

మొదటిది: మీ వేళలు రోజుకి 7 గంటలు. ఆప్షన్స్‌లో షెడ్యూల్ కింద అవర్స్ పర్ డే ఇంకా 8 ఉంటుంది. కాబట్టి 5 రోజులంటే 40 గంటలని అర్థం చేసుకుంది, ఐదు రోజుల్లో పట్టేది 35. మిగిలిన 5 గంటలు ఆరో రోజు. అక్కడ 7, వారానికి 42 రాయండి. ఇప్పటికే రాసిన పనుల రోజులు దానంతట అవి సరిపడవు. గంటలు అలాగే ఉండి 5 రోజుల పని 5.71 అని కనిపిస్తుంది, తిరిగి 5 అని టైపు చేయాలి.

రెండోది: సిమెంటుకి ఆదివారం లేదు. 7 అంకె పక్కన రోజు గుర్తు d కి ముందు ఇంగ్లీషు e అక్షరం చేర్చండి, 7ed అని. అప్పుడు రాత్రీ పగలూ, సెలవులూ అన్నీ కలిపి గడియారం ప్రకారం ఏడు రోజులు లెక్కిస్తుంది. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకి కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 కనీసం 7 రోజులు తడిపి ఉంచమంటుంది. బూడిద లాంటివి కలిపిన సిమెంటు అయితే కనీసం 10, బస్తా మీద చూడండి. ఆదివారం నీళ్ళు పెట్టడానికి మనిషిని మాత్రం విడిగా పెట్టుకోండి.

---

వంశధార గట్టు

ఇద్దరు ప్లంబర్లున్నారు కదా, కుళాయిల పనికి ఇంకో ఇద్దరిని కలిపితే రోజులు సగమవుతాయి, సెప్టెంబరులోకి వచ్చేస్తారు.

---

గుణుపురం సైటు ఇంజనీరు

కుళాయిలకి సరే, ఇల్లు ఇల్లు వేరు కాబట్టి పంచుకోవచ్చు. కానీ ఎఫర్ట్ డ్రివెన్ టిక్ పెట్టకపోతే, మనిషిని కలిపినా రోజులు తగ్గవు, పని గంటలు పెరుగుతాయి. ఇప్పటి వెర్షన్లలో ఆ టిక్ ముందే ఉండదు. పైపు ప్రెషర్ టెస్టుకి మాత్రం ఆ టిక్ వద్దు. పంపు ఒక్కటే, నీళ్ళు నిండే వేగం ఒక్కటే. పదిమంది నిలబడినా గేజి ముల్లు తొందరగా లేవదు.

---

రిటైర్డ్ ఓవర్సీరు (పర్లాకిమిడి)

నాయనా, ఆలస్యంగా చూశాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మన గజపతి జిల్లా మీదికి వచ్చింది. అప్పుడు మోహన వైపు నా చేతిలో ఒక బడి భవనం ఉంది. రోడ్లు తెగాయి, ఇసుక రాదు, మనుషులు తమ ఇళ్ళు చూసుకోవడానికి వెళ్ళారు. నాతో ఉన్న కుర్రాడు మూవ్ ప్రాజెక్ట్ నొక్కి మొత్తాన్ని నలభై రోజులు జరిపేశాడు. అది ఇంకా మొదలుకాని పనికి వాడేది. సగం అయిన పనికి వాడితే అయిన పని ఒకచోట, కాని పని ఒకచోట, మధ్యలో ఏమయిందో ఎవరికీ తెలియదు. తుపాను వల్ల పోయినవి ఎన్ని రోజులు, మా వల్ల పోయినవి ఎన్ని అని తర్వాత అడిగితే ఫైలులో జవాబు దొరకలేదు. గడువు పెంచమని రాసిన కాగితం తిరిగొచ్చింది.

కాబట్టి రజో, వాన విడివిడిగా రాయి. ఎన్ని రోజులు, ఎందుకు ఆగింది అని పని నోట్స్‌లో రాయి. పాత బేస్‌లైన్ మీద కొత్తది రాయకు. పదకొండు దాకా దాచుకోవచ్చు, కొత్తది బేస్‌లైన్ 1లో పెట్టు. సెప్టెంబరు 30ని మస్ట్ ఫినిష్ ఆన్ అని కట్టేయకు, డెడ్‌లైన్ గడిలో రాయి. పని దాటితే ఎర్ర గుర్తు చూపిస్తుంది గానీ తేదీల్ని పట్టి లాగదు.

ఇంకో మాట. పనుల పేర్లు తెలుగులో రాయి, ఒడియా ముఠాకి ఒడియాలో రాయించు. ఆ సాఫ్ట్‌వేర్ రెండు లిపులూ తీసుకుంటుంది. గిడుగు రామమూర్తి గారు మన ఊళ్ళోనే పాఠం చెప్పారు, సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు కట్టారు. ఎదుటివాడి నోట ఉన్న మాటలోనే చెప్పాలని జీవితమంతా పోరాడారు. ఆయన ఊళ్ళో ఉండి మేస్త్రికి ఇంగ్లీషు చార్టు ఇవ్వడం నాకు కష్టంగా ఉంటుంది.

---

మహేంద్రతనయ, జూన్ 29

మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశాను. రెండు వారాల పని ఒక్క కాగితం మీద, తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి. నిన్న సాయంత్రం ఇద్దరు మేస్త్రిలనీ కూర్చోబెట్టాను.

పాతపట్నం మేస్త్రి ఉభాలకి జూలై 16 నుంచి ఆగస్టు 9 అన్నారు, నలుగురు ఉంటారు. ఒడియా మేస్త్రి కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, రెండో ఊరి పైపు ముందు వేద్దాం అన్నారు. ఆ ఊళ్ళో వీధి పల్లంలో ఉంది, జూలై దాటితే నీరు దిగదట. నేను మూడు సార్లు ఆ వీధిలో నడిచాను, నాకు తట్టలేదు. రెండో ఊరికి ప్రయారిటీ 800 ఇచ్చి మళ్ళీ సర్దాను. కుళాయిలకి ఇంకో ఇద్దరు ప్లంబర్లని అడిగాను, దొరికారు.

ముగింపు సెప్టెంబరు 26. బేస్‌లైన్ 1 పెట్టేశాను.

---

నాగావళి షట్‌డౌన్

నాలుగు రోజులే మిగులు. ఆగస్టు వానకి అది చాలదు. పైవాళ్ళకి 26 అని మాత్రమే చెప్పకండి, నాలుగు రోజులే ఉందని కూడా ఇప్పుడే చెప్పండి.

---

మహేంద్రతనయ

రేపు రాతపూర్వకంగా పంపుతున్నాను, రజో మూడు రోజులు, వాన రోజులు విడిగా చూపించి.

---

మహేంద్రతనయ, జూలై 10

మొదటి ఊరి 2,000 మీటర్లు నిన్న, అంటే 9వ తేదీన, పూర్తయ్యాయి. బాహుడా, ఆదివారం పోను ఎనిమిది రోజులు, కాగితం మీద ఉన్నట్టే. పొద్దున్న పైపులో నీళ్ళు నింపి టెస్టు మొదలుపెట్టాం. ఒక జాయింటు దగ్గర చెమ్మ కనిపించింది, రబ్బరు రింగు మార్చాలి. ఒక రోజు పోతుంది. జరిగిన పని ఇప్పుడే ఎక్కించాను.

మేస్త్రి కొడుకు గారూ, వచ్చే జూన్‌కి "తవ్వకం" క్యాలెండర్‌లో రజో రోజులు ఇప్పుడే రాసేశాను.

---

పాతపట్నం మేస్త్రి కొడుకు

మా నాన్నకి చదివి వినిపించాను. రింగుకి సబ్బు నీళ్ళు రాసి ఎక్కించమన్నారు, పొడిగా ఎక్కిస్తే మడత పడుతుందట.